మీ వీధిలో ఆఫీసు టవర్ వస్తోందా? సైట్ ప్లాన్ మీరే చదివి అభ్యంతరం రాయడం ఎలా

హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, సోమాజిగూడ లాంటి చోట్ల పాత బంగళా ఒకటి కూలగొట్టి, చుట్టూ రేకులు కట్టి, మట్టి పరీక్షకు బోరు మిషన్ దించారంటే అక్కడ పెద్ద భవనమే లేవబోతోందని అర్థం. కొన్నాళ్లకు ఆ రేకుల మీద అద్దాల టవర్ బొమ్మ అతికిస్తారు. చుట్టుపక్కల వాళ్లంతా ఆ బొమ్మ గురించే మాట్లాడుకుంటారు. నిజానికి దాంతో మీకు పెద్దగా పని లేదు. గేటు ఎటువైపు తెరుస్తారు, సెల్లార్‌లోకి కార్లు ఎక్కడ దిగుతాయి, వాననీళ్లు ఎటు పోతాయి, ఫైరింజన్ చుట్టూ తిరగగలదా, నడిచేవాళ్లకు దారి మిగులుతుందా... మీ వీధి రేపెలా ఉంటుందో తేల్చేవి ఇవి. ఇవన్నీ సైట్ ప్లాన్ అనే ఒక్క షీటులో ఉంటాయి. ఆ షీటు చదవడం నేర్చుకుంటే చాలు, ఇంజినీరింగ్ చదివి ఉండక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఈ షీటుకు ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం ఉంది. 2006లో జీవో 86తో నగరంలో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. అంటే స్థలం ఇంత ఉంటే ఇంతే కట్టాలి అనే లెక్క పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఈ రెండే భవనం ఎత్తును ఆపుతాయి. 2012 ఏప్రిల్ 7న భవన నిర్మాణ నిబంధనలుగా వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతిలో నడుస్తుంది. తర్వాత దానికి సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి, మీరు చూసే భవనానికి దరఖాస్తు పెట్టిన తేదీ నాటికి ఏ అంకె అమల్లో ఉందో సరిచూసుకోండి. నేనిక్కడ చెప్పేవి జీవో 168 మూల పట్టికలోని అంకెలు. విజయవాడ, విశాఖ వాళ్లు 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్ దగ్గర పెట్టుకోవాలి. అంకెలు అందులోవి తీసుకోండి, చూసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు అర్జీ, తర్వాత ఆర్టీఐ

మన దగ్గర మామూలు భవన అనుమతికి ఇరుగుపొరుగును పిలిచి బహిరంగ విచారణ జరపరు. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 2020 ప్రకారం పెద్ద భవనాల దరఖాస్తును సింగిల్ విండోలో 21 రోజుల్లో తేల్చాలి. సమాచార హక్కు చట్టం కింద జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. కాగితాలు చేతికొచ్చాక రాద్దాంలే అని కూర్చుంటే అప్పటికి పర్మిషన్ వచ్చేస్తుంది. కాబట్టి రేకులు కట్టిన వారంలోనే టౌన్ ప్లానింగ్ విభాగానికి ఒక పేజీ అర్జీ ఇవ్వండి. ఫలానా సర్వే నంబరు, ఫలానా ఇంటి నంబరు స్థలంలో నిర్మాణానికి దరఖాస్తు వచ్చిందా, వస్తే మా అభ్యంతరాలు విన్నాకే నిర్ణయం తీసుకోండి అని రాసి, రసీదు తీసుకోండి. ప్రజావాణిలో ఇచ్చినా సరే. రసీదు మీద తేదీ, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. రేపు 'మాకెవరూ చెప్పలేదే' అనడానికి వీలుండదు.

ఆ తర్వాత పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. ప్లాన్ కాపీలు, అనుమతి ప్రొసీడింగ్స్, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), రోడ్డు వెడల్పు నివేదిక అడగండి. అవి మూడో వ్యక్తికి సంబంధించిన పత్రాలంటూ కాపీలు నిరాకరించవచ్చు. ఫైలును ఆఫీసులో కూర్చుని చూసే హక్కు కూడా చట్టంలో ఉంది కాబట్టి 'ఫైలు తనిఖీకి అవకాశం ఇవ్వండి' అని అదే దరఖాస్తులో ఇంకో వాక్యం చేర్చండి. రెండూ కాదన్నారంటే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే మీకు ఇంకో దారి కూడా ఉంది. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అలాంటి భవనానికి పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో ఉంటుంది. నీటి లెక్క, పార్కింగ్ లెక్క, మురుగు శుద్ధి, ప్రాథమిక ప్లాన్ అన్నీ అక్కడే దొరుకుతాయి. ఆర్టీఐ జవాబు కోసం ఎదురుచూడకుండా ముందు అక్కడ వెతకండి.

పనులు మొదలయ్యాక కూడా ప్లాన్ చూడొచ్చు. మంజూరైన ప్లాన్‌ను సైట్ దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలని అనుమతి షరతుల్లోనే రాస్తారు. బోర్డు లేకపోతే అడగండి. వాచ్‌మన్‌ను కాదు, సైట్ ఇంజినీర్‌ను అడగండి.

షీటు చేతికొచ్చాక

మొదట కుడివైపు ఉండే ఏరియా స్టేట్‌మెంట్ చూడండి. స్థలం విస్తీర్ణం, రోడ్డుకు పోయే భాగం, భవనం ఎత్తు, మొత్తం నిర్మాణం, పార్కింగ్, అన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. తర్వాత ఉత్తరం బాణం చూసి, మీ ఇల్లు లేదా మీ షాపు ఏ వైపుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఏ4 మీద ప్రింట్ తీసిన ప్లాన్‌ను స్కేలు పెట్టి కొలవకండి, ప్రింట్‌లో సైజు మారిపోతుంది. గీతల మీద రాసిన కొలతలనే నమ్మండి. కొలత రాయని చోట అనుమానించండి. చాలాసార్లు అసలు ఇబ్బంది ఉండేది ఆ కొలత రాయని మూలలోనే.

ఇప్పుడు టేపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లండి. పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, ఇద్దరు కలిసి వెళితే మంచిది. సైట్ ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మూడు నాలుగు చోట్ల కొలవండి. ప్లాన్‌లో 24 మీటర్ల రోడ్డని ఉండి నేల మీద 19 మీటర్లే ఉందంటే, మిగతాది మాస్టర్ ప్లాన్‌లో ప్రతిపాదించిన వెడల్పా, లేక తప్పు కొలతా అని అడగాలి. వెడల్పు చేయడానికి స్థలం యజమాని వదలాల్సిన పట్టీ ఉంటే, సెట్‌బ్యాక్ (హద్దుకూ భవనానికీ మధ్య వదలాల్సిన ఖాళీ) కొలత ఆ పట్టీ పోగా మొదలవ్వాలి. పాత కాంపౌండ్ గోడ నుంచి కొలిచి చూపిస్తే అది తప్పు.

స్థలం రెండు రోడ్ల మూల మీద ఉంటే మలుపు దగ్గర మూల కోసి వదలాలి. 12 నుంచి 24 మీటర్ల రోడ్లకు 4.5 మీటర్ల చొప్పున, అంతకు మించితే 6 మీటర్ల చొప్పున. మలుపు తిరిగే బస్సుకు అవతలి రోడ్డు కనపడాలంటే ఇది ఉండి తీరాలి.

ఒక లెక్క చేసి చూద్దాం

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఈ లెక్క ఒక్కటి పట్టుబడితే ఏ ప్లాన్ అయినా చదవగలరు.

50 మీటర్లు × 60 మీటర్ల స్థలం అనుకుందాం, అంటే 3,000 చదరపు మీటర్లు. ముందు 24 మీటర్ల రోడ్డు. భవనం ఎత్తు 38 మీటర్లు, పది అంతస్తులు. పట్టిక ప్రకారం 35 నుంచి 40 మీటర్ల ఎత్తుకు 24 మీటర్ల రోడ్డు, చుట్టూ 12 మీటర్ల ఖాళీ కావాలి. నాలుగు వైపులా 12 మీటర్లు పోతే మిగిలేది 26 × 36, అంటే 936 చదరపు మీటర్లు. హైరైజ్ భవనం కాబట్టి స్థలంలో 10 శాతం, అంటే 300 చదరపు మీటర్లు, టాట్‌లాట్ పేరుతో ఖాళీగా, పచ్చగా వదలాలి. నిబంధనలో ముఖ్యమైన మాట ఏంటంటే, ఇది తప్పనిసరి సెట్‌బ్యాక్‌లకు అదనం. అంటే భవనం కూర్చునే చోటు 636 చదరపు మీటర్లకు దిగుతుంది. టాట్‌లాట్‌ను సెట్‌బ్యాక్‌లోనే ఆకుపచ్చ రంగు వేసి చూపించారంటే అక్కడే మీ మొదటి అభ్యంతరం రాసుకోండి.

పది అంతస్తులకు 6,360 చదరపు మీటర్లు. కార్యాలయ భవనానికి పార్కింగ్ 40 శాతం, అంటే 2,544. అదే ఐటీ కంపెనీల కోసమని దరఖాస్తు పెడితే 60 శాతం, 3,816 కావాలి. దరఖాస్తులో ఏ వాడకం రాశారో చూడటం మర్చిపోవద్దు. ఇంత పెద్ద స్థలంలో సెల్లార్ హద్దు నుంచి 3 మీటర్లు వదలాలి, కాబట్టి ఒక సెల్లార్ 44 × 54, అంటే 2,376. అందులో 10 శాతం దాకా జనరేటర్, ఏసీ ప్లాంట్ లాంటి వాటికి వాడుకోవచ్చు. అలా వాడుకుంటే పార్కింగ్‌కు మిగిలేది 2,138. ఒక్క సెల్లార్ చాలదని తేలిపోయింది. రెండోది తవ్వాలి, తవ్వితే హద్దు నుంచి ఇంకో అర మీటరు వెనక్కి జరగాలి. ప్లాన్‌లో ఒక్క సెల్లారే చూపించి, ఇంకెక్కడా పార్కింగ్ చూపకుండా, సరిపోయిందని రాశారంటే ఎక్కడో లెక్క తప్పింది.

అసలు విషయం ర్యాంప్ దగ్గర, అంటే కార్లు సెల్లార్‌లోకి దిగే వాలు దారి దగ్గర బయటపడుతుంది. చుట్టూ ఉన్న 12 మీటర్లలో హద్దు వెంట 2 మీటర్లు మొక్కల పట్టీ. ఫైరింజన్ తిరగడానికి 7 మీటర్లు ఖాళీగా ఉండాలి. ఇక మిగిలేది 3 మీటర్లు. సెల్లార్‌కు ఒకే ర్యాంప్ అయితే 5.4 మీటర్లు, రెండైతే ఒక్కోటి 3.6 మీటర్లు ఉండాలి. రెండూ ఆ 3 మీటర్లలో పట్టవు. అంటే ఈ స్థలంలో ర్యాంప్‌ను భవనం కిందికే తీసుకెళ్లాలి, పక్క ఖాళీలో పెట్టడానికి వీల్లేదు. ప్లాన్‌లో మాత్రం ర్యాంప్ గీత పక్క సెట్‌బ్యాక్‌లోనే కనిపిస్తే, ఫైరింజన్ దారిని తినేశారన్నమాట. ఈ కూడిక తీసివేత ఎవరైనా చేయొచ్చు. చేసి చూపిస్తే ఏ అధికారీ కొట్టిపారేయలేడు.

ర్యాంప్ వాలు 1:8 కంటే నిటారుగా ఉండకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. 3 మీటర్లు దిగాలంటే 24 మీటర్ల పొడవు కావాలి. గీసిన ర్యాంప్ 15 మీటర్లే ఉంటే కార్లు దిగడమే కష్టం. అప్పుడు అవి మీ వీధిలోనే ఆగుతాయి.

నేల కింద ఏముందో కూడా చూడాలి

సెట్‌బ్యాక్ 12 మీటర్లు, సెల్లార్ మాత్రం హద్దుకు 3 మీటర్ల దాకా వస్తుంది. అంటే పైన ఖాళీగా కనిపించే నేలలో ఎక్కువ భాగం నిజానికి సెల్లార్ పైకప్పు. దీనివల్ల వచ్చే ఇబ్బందులు మూడు. మొదటిది, ఫైరింజన్ ఆ స్లాబ్ మీదే తిరగాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఆ నేల 45 టన్నుల దాకా బరువు మోయాలి. స్ట్రక్చరల్ డిజైన్‌లో ఆ బరువు లెక్క తీసుకున్నారా అని లిఖితపూర్వకంగా అడగండి. రెండోది, టాట్‌లాట్ కూడా స్లాబ్ మీదే ఉంటే అక్కడ వేప, కానుగ పెరగవు. కుండీల్లో అలంకరణ మొక్కలే మిగులుతాయి. టాట్‌లాట్‌లో కొంత భాగమైనా సెల్లార్ లేని నేల మీద ఉండాలని అడగడం న్యాయమైన కోరిక. పాత బంగళా ఆవరణలో పెద్ద చెట్లుంటే నరకడానికి 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. చెట్లను ప్లాన్‌లో గుర్తించారో లేదో చూడండి, మీరు ఫోటోలు తీసి ఉంచుకోండి. మూడోది ఇంకుడు గుంతలు. అవి ఆ 3 మీటర్ల పట్టీలోనే పడతాయి కాబట్టి, సెప్టిక్ పైపులు, కరెంటు కేబుళ్లు, వాననీటి కాలువ కూడా అక్కడే చూపిస్తే చోటు చాలదు.

నీటి సంగతి వానాకాలంలో కళ్లారా చూసి రాయండి. వాన పడ్డాక మీ వీధిలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఏ మ్యాన్‌హోల్ పొంగుతుంది అన్నది ఆర్కిటెక్ట్ కంటే మీకే బాగా తెలుసు. సైట్ పక్కన నాలా ఉంటే దూరం కొలవండి. 10 మీటర్ల వెడల్పు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు, 10 హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు వదలాలి.

గేటు, బూమ్ బారియర్, నడిచేవాళ్లు

నన్నడిగితే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నిబంధనల పుస్తకంలో దీని గురించి తక్కువే ఉంటుంది. వీధి జనం రోజూ అనుభవించేది మాత్రం దీన్నే.

పైన చెప్పిన భవనంలో సుమారు 85 కార్లు పడతాయి, ఒక్కో కారుకు దారితో కలిపి 30 చదరపు మీటర్లు అనుకుంటే. వాటిలో 30 కార్లు పొద్దున ఒకే పావుగంటలో వస్తాయనుకోండి, అంటే అర నిమిషానికొకటి. సెక్యూరిటీ డిక్కీ తెరిపించి, కింద అద్దం పెట్టి చూసి, కార్డు అడిగేసరికి అర నిమిషం దాటుతుంది. బూమ్ బారియర్, అంటే కారును ఆపే అడ్డకర్ర, గేటు దగ్గరే ఉంటే రెండో కారు నుంచీ రోడ్డు మీదే. అదే బారియర్‌ను లోపలికి, ర్యాంప్ కింద చివరికి జరిపితే నాలుగైదు కార్లు లోపలే నిలబడతాయి. బిల్డర్‌కు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. మీకు మాత్రం పదేళ్ల ట్రాఫిక్ జామ్ తప్పుతుంది. ఇలాంటివి ప్లాన్ దశలో అడిగితేనే అవుతాయి.

ఆఫీసుకు కారులో రాని వాళ్లే ఎక్కువ. క్యాబ్ దిగేవాళ్లు, బైకులు, ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు, కొరియర్ వ్యాన్లు... వీళ్లందరూ ఆగేచోటు ప్లాన్‌లో వెతకండి. లేకపోతే ఆ చోటు మీ వీధే అవుతుంది. హద్దు లోపలే దింపే చోటు, బైకులకు వేరే దారి చూపించమని అడగండి. చిన్న సందు వైపు గేటు పెట్టారేమో చూడండి. మెయిన్ రోడ్డు ఉండగా సందులోకి సర్వీస్ గేటు తెరిచి, చెత్త బండ్లు, డీజిల్ ట్యాంకర్లు అటు తిప్పితే సందులో వాళ్లకు నిద్ర ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ చిమ్నీ మీ కిటికీల వైపు ఉన్నాయేమో కూడా అప్పుడే చూడాలి.

ఇక ఫుట్‌పాత్. గేటు దగ్గర నేల ఎత్తు కలవక, కారు ఎక్కడానికి వీలుగా సిమెంటు వాలును ఫుట్‌పాత్ దాటించి రోడ్డు మీదికి పోయడం మన ఊళ్లో చూస్తూనే ఉంటాం. దాంతో నడిచే ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. ఎత్తు తేడా అంతా హద్దు లోపలే సర్దుకోవాలని, ఫుట్‌పాత్ గేటు ముందు కూడా ఒకే ఎత్తులో సాగిపోవాలని రాయండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 103 ప్రకారం నడవడానికి అడ్డంకుల్లేని 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. వీల్‌చెయిర్ వాలు 1:12 ఉండాలి, అది కార్ల దారిలో కలవకూడదు. సైట్ మెట్రో స్టేషన్‌కు నడిచే దూరంలో ఉంటే, కాలినడకన వచ్చేవాళ్లకు కార్ల గేటుతో సంబంధం లేని చిన్న గేటు స్టేషన్ వైపు పెట్టమనండి.

అగ్నిమాపక శాఖ విషయంలో ఒక్కటి చూస్తే చాలు. 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనానికి ముందస్తు ఎన్‌ఓసీ కావాలి. ఆ ఎన్‌ఓసీకి జత చేసిన సైట్ ప్లాన్, టౌన్ ప్లానింగ్‌లో ఇచ్చిన సైట్ ప్లాన్ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి.

అభ్యంతరం రాసే తీరు

కోపం, ఆరోపణలు వద్దు. 'మా కాలనీ ప్రశాంతత పోతుంది' అని రాస్తే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు, కాబట్టి చెప్పరు. షీటు నంబరు, కొలత, నిబంధన, మీరు కోరే మార్పు, ఈ నాలుగూ ఒకే పేరాలో ఉండాలి. ఇలా:

'షీట్ 1, సైట్ ప్లాన్: పడమర సెట్‌బ్యాక్ 12 మీ. చూపారు. అందులో 5.4 మీ. ర్యాంప్, 2 మీ. మొక్కల పట్టీ పోగా అగ్నిమాపక వాహనానికి 4.6 మీ. మాత్రమే మిగులుతోంది. 7 మీ. ఉండాలి. ర్యాంప్‌ను భవనం కిందికి మార్చిన తర్వాతే అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.'

ఇలాంటివి అయిదారు చాలు. నిబంధన ఉల్లంఘనలు ముందు, బారియర్, క్యాబ్ బే లాంటి కోరికలు తర్వాత, వేరే శీర్షిక కింద రాయండి. రెండూ కలిపేస్తే గట్టివి కూడా తేలిపోతాయి. కమిషనర్‌కు, టౌన్ ప్లానింగ్‌కు, అగ్నిమాపక శాఖకు, ట్రాఫిక్ పోలీసులకు ఒకే కాపీ పంపండి. స్థలం యజమానికీ ఒకటి ఇవ్వండి. ప్లాన్ ఇంకా కాగితం మీద ఉండగా చెబితే చాలామంది ఆర్కిటెక్టులు వింటారు. వాళ్లకూ తర్వాత గొడవ తప్పుతుంది. మొత్తం భవనమే వద్దని పట్టుబడితే మాత్రం ఎవరూ కూర్చుని మాట్లాడరు. నగరం మధ్యలో ఆఫీసులు రావడం మంచిదే, బస్సూ మెట్రో ఉన్నచోట వస్తే ఇంకా మంచిది. మీరు అడిగేది దాన్ని నేల మీద సరిగ్గా కూర్చోబెట్టమని.

పర్మిషన్ వచ్చాక

సెల్లార్ తవ్వేటప్పుడు ఒకసారి, మొదటి స్తంభాలు లేచాక ఒకసారి వెళ్లి హద్దు నుంచి దూరం కొలిపించండి. పది అంతస్తులు లేచాక కొలిస్తే ఏ ప్రయోజనమూ ఉండదు. తవ్వకం మీ గోడకు దగ్గరగా ఉంటే, పని మొదలయ్యే ముందే మీ ఇంటి గోడల ఫోటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి. పగుళ్లు వస్తే ఎప్పుడు వచ్చాయో నిరూపించాల్సింది మీరే. ఫుట్‌పాత్ మీద ఇసుక, ఇనుము పోయకూడదని అనుమతి షరతుల్లోనే ఉంటుంది, పోస్తే ఆ షరతు పేర్కొంటూ ఫిర్యాదు చేయండి.

నిర్మాణంలో 10 శాతం కార్పొరేషన్ పేరున తనఖా ఉంటుంది. భవనం వాడుకోవచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే దాన్ని విడుదల చేస్తారు. అందుకే అద్దాలు బిగించే దశలో మీ పాత ఉత్తరం బయటికి తీయండి. ర్యాంప్, 7 మీటర్ల దారి, టాట్‌లాట్, గేటు ముందు ఫుట్‌పాత్ ఒక్కోటి ప్లాన్‌తో పోల్చి, తేడా ఉన్నచోట టేపు కనపడేలా ఫోటో తీసి, ఆ తనఖా విడుదల కాకముందే టౌన్ ప్లానింగ్‌కు అందేలా పంపించండి.